సొరవేటకు ఏడాదిలో రెండే రోజులు

న్యూజిలాండ్ ఉత్తర కొసన రంగౌను అనే అఖాతం ఉంది. 1855 ప్రాంతంలో అక్కడ జరిగిన సొరవేటను ఆర్.హెచ్. మాథ్యూస్ తర్వాతి కాలంలో గుర్తు చేసుకుని రాశాడు. సుమారు 50 పడవలు, అక్కడి ఆదివాసులైన మావోరీలు వెయ్యి మందికి పైగా, దాదాపు 7 వేల సొరలు! పట్టిన సొరల్ని దండేలకు కట్టి ఎండబెట్టుకున్నారు. కాలేయాల నుంచి తీసిన నూనెలో ఎర్రమన్ను కలిపి రంగుగా పూసుకునేవారు.

7 వేలు అనగానే గుండె గుభేలుమంటుంది. కానీ ఆ వేట ఏడాదికి రెండు రోజులే. గడువు దాటాక సొర మీద చెయ్యి వేసినవాడి సొత్తును 'మురు' అనే కట్టుబాటు కింద ఊరు లాగేసుకునేది.

అందుకే మావోరీల ఆచారవేట హక్కును చట్టం చూపించే దయగా లెక్కగట్టడం తప్పు. అది మొదటి నుంచీ వేటను అదుపులో పెట్టిన పద్ధతి.

ఈ మాట గ్రహించడానికి న్యూజిలాండ్ ప్రభుత్వానికి చాలాకాలం పట్టింది. 1980ల్లో ఏడాదంతా వేట మీదే బతకని చిన్న జాలరుల లైసెన్సులు తీసేశారు. అలా రోడ్డున పడ్డవారిలో మావోరీలు ఎందరో. 1986లో కోటా పద్ధతి వచ్చింది: ఏ చేప ఎన్ని టన్నులు పట్టొచ్చో నిర్ణయించి, ఆ హక్కును కంపెనీలకూ పడవల యజమానులకూ పంచడం. మావోరీలు కోర్టుకెక్కారు. 1987లో కొత్త జాతులను కోటాలో చేర్చకుండా కోర్టు ఆపింది. 1992 ఒప్పందంలో మావోరీలకు సీలార్డ్ అనే చేపల కంపెనీలో సగం వాటా కొనిచ్చారు. కొత్తగా కోటాలోకి వచ్చే జాతుల్లో 20 శాతం వాళ్లకే అన్నారు. ఇప్పుడు వ్యాపార కోటా ఖరారు చేసే ముందు ఆచారవేట వాటాను పక్కన పెట్టాలని చట్టమే చెబుతోంది.

మంచిదే, కానీ సరిపోదు. టన్నుల లెక్క ఎంత పట్టాలో చెబుతుంది తప్ప, ఎప్పుడు, ఏ నీళ్లలో పట్టకూడదో చెప్పదు. సొరకు ప్రాణం పోసేది ఆ రెండో సంగతే. అక్కడి స్కూల్ షార్క్ అనే సొరనే చూడండి. 50 ఏళ్లకు పైగా బతుకుతుంది, ఆడది పిల్లల్ని కనే ఈడుకు రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది, లోతు తక్కువ అఖాతాల్లోకి వచ్చి ఈనుతుంది. ప్రపంచవ్యాప్తంగా ఈ జాతి తీవ్ర ప్రమాదంలో ఉందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2020లో ప్రకటించింది. రెక్కలు కోసి మొండెం సముద్రంలో పారేయడాన్ని న్యూజిలాండ్ 2014లో నిషేధించింది. అది అవసరమే అయినా, ఈనే తల్లిని వలలో పడకుండా కాపాడదు.

ఆ తల్లి ఏ నెలలో ఏ మూలకు వస్తుందో తీరంలో పుట్టి పెరిగినవాళ్లకు తెలుసు. 'మాతైతై' పేరుతో కొన్ని తీరప్రాంతాల్లో స్థానిక మావోరీ సంరక్షకులు వేట నియమాలు సూచించే ఏర్పాటు ఉంది, అక్కడ మామూలుగా వ్యాపార వేట సాగదు. సొరలు ఈనే అఖాతాలన్నిటికీ దాన్ని విస్తరించాలి.

మనకూ ఇందులో పాఠం ఉంది. బాలింతకు పాలసొర పెడితే పాలు పడతాయని నమ్మే తీరం మనది. 2001లో కేంద్రం సొరలు, టేకు చేపల జాతులన్నిటినీ ఒక్క దెబ్బతో వేట నిషేధ జాబితాలో చేర్చింది. జాలర్లు గగ్గోలు పెట్టాక ఆ ఏడాదే దాన్ని 10 జాతులకు కుదించింది. అడిగి చేసి ఉంటే ఈ తడబాటు ఉండేది కాదు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవల్ని ఒడ్డున ఆపే అలవాటు మన తూర్పు తీరానికి ఉంది. సొరలు ఈనే చోట్లకూ అలాంటి గడువు పెట్టాలి. అది ఏ నెలలో, ఏ రేవు దగ్గర అనేది ఢిల్లీ ఉత్తర్వు రాయకముందే మత్స్యకార గ్రామాల పెద్దలను కూర్చోబెట్టి అడగాలి.