ఊటీ దాకా ఎందుకు? మన చెరువు గట్టు చాలు

సెలవుల తర్వాత పిల్లలు తెచ్చే ఫోటోల్లో ఊటీ ఉంటుంది, వైజాగ్ బీచ్ ఉంటుంది. అనంతపురం మాత్రం కనిపించదు. "ఇక్కడ తీయడానికి ఏముంది సార్, అంతా ఎండే కదా" అని తల్లిదండ్రులు కూడా అంటుంటారు. ఈ మాట నేను ఒప్పుకోను.

మన జిల్లాలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. అందుకే ఇక్కడ ఒక్క మంచి వానకే నేల రంగు మారిపోతుంది. జూన్‌లో దున్నిన ఎర్రమట్టి, ఆగస్టులో పచ్చటి శెనక్కాయ చేలు, నవంబరులో కట్టె కుప్పలు. ఇంత మార్పు ఏడాది పొడవునా పచ్చగా ఉండే చోట కనబడదు.

1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యాధికారి మనకు పొరుగునే ఉన్న హంపీని ఫోటోలు తీశాడు. ఫోటోగ్రఫీ ఆయన ఉద్యోగం కాదు, ఇష్టం. అప్పటి హంపీ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇప్పటికీ ఆ ఫోటోలనే చూస్తారు.

మన పిల్లలకూ ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఫోన్ చాలు. నెలకో ఆదివారం ఉదయం ఎనిమిది లోపు, శింగనమల చెరువు గట్టు గానీ, మీ మిద్దె మీంచి కనబడే గుట్ట గానీ, ఒకే చోట నిలబడి ఒకే వైపు ఒక్క ఫోటో తీయించండి. లెన్స్ తుడవాలి. జూమ్ చేయకుండా నాలుగడుగులు ముందుకు వేయాలి. ఫోటో కింద తేదీ, ఊరు రాయాలి. పక్షుల గూళ్ల దగ్గరికి మాత్రం పోకూడదు. వీరాపురంలో గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలను దూరం నుంచి చూస్తేనే అందం.

ఫోన్ చేతికిస్తే రీల్స్‌లో పడతారన్న మీ భయం నిజమే. అందుకే డేటా ఆపేసి, మీరూ వెంట వెళ్లండి. ఆ అరగంట పిల్లలకే కాదు, మీకూ మంచిది. తిరిగొచ్చాక "ఎన్ని లైకులు వచ్చాయి?" అని అడగకండి. "పోయిన నెలకూ ఇప్పటికీ ఏం మారింది?" అని అడగండి.

ఆరో తరగతిలో మొదలుపెడితే పదో తరగతి అయ్యేసరికి 60 ఫోటోలు అవుతాయి. చెరువు ఏ ఏడు నిండిందో, ఏ ఏడు పగుళ్లిచ్చిందో వాటిలో కనబడుతుంది. కరువును పాఠంలో చదివిన పిల్లలు మార్కులు తెచ్చుకుంటారు. కళ్లారా చూసిన పిల్లలు నీళ్ల విలువ తెలుసుకుంటారు.