డాలీ లెవీకి 26 ఏళ్లా?

నాటకరంగం ఒక నడివయసు స్త్రీ కోసం పాత్ర పుట్టిస్తుంది. ఆమె దాన్ని వారానికి ఎనిమిది ఆటల చొప్పున, ఒంట్లో బాగున్నా లేకున్నా, తన గొంతుతోనే పాడి, తన కాళ్లతోనే ఆడి, ఊరంతా ఎరిగిన మనిషిగా నిలబెడుతుంది. అప్పుడు సినిమా నిర్మాత దిగుతాడు. కథ కొంటాడు, పాటలు కొంటాడు, పేరు కొంటాడు. ఆ స్త్రీని మాత్రం గుమ్మంలోంచే పంపించేస్తాడు. ఎందుకయ్యా అంటే మార్కెట్ అంటాడు.

మార్కెట్ కాదు, పిరికితనం. ఆడదాని కంటికింద ముడత కనిపిస్తే హాలు ఖాళీ అయిపోతుందన్న భయం. ఆ భయానికి వాళ్ల సొంత ఖాతా పుస్తకాల్లో కూడా ఆధారం లేదు. నమ్మరా? అయితే లెక్క చూద్దాం రండి.

1964 జనవరిలో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ‘హలో, డాలీ!’ మొదలైంది. డాలీ లెవీగా కరోల్ చానింగ్. అప్పటికి ఆమెకు 43 నిండబోతున్నాయి. డాలీ ఎవరు? మొగుడు పోయాక ఏళ్ల తరబడి తనలోకి తాను ముడుచుకుపోయి, ఊరివాళ్లకు పెళ్లిళ్లు కుదిర్చి బతుకుతూ, ఒకనాడు ఇక చాలు, మళ్లీ మనుషుల్లో పడతానని తెగించిన విధవరాలు. నాటకం మొత్తం ఒక్క ఘట్టం కోసం కాచుకుని ఉంటుంది. ఒకప్పుడు భర్తతో వెళ్లిన హోటలుకు ఆమె ఎన్నో ఏళ్ల తర్వాత తిరిగి వస్తుంది. మెట్లు దిగుతుంటే పాత సర్వర్లంతా ఆమెను గుర్తుపట్టి చుట్టూ చేరి పాడతారు. ఆ పాటకు ప్రాణం పోసేది ఆ మధ్యలో గడిచిన ఏళ్లే. ఆ ఏళ్లు లేకపోతే అది బట్టల కొట్టు ప్రదర్శన.

ఆ ఏడాది టోనీ అవార్డు చానింగ్‌దే. అదే పోటీలో ‘ఫన్నీ గర్ల్’ నటి బార్బ్రా స్ట్రైసాండ్ ఓడిపోయింది. అయిదేళ్లు తిరిగాయి. 1969లో సినిమా వచ్చింది. తెరమీద డాలీ ఎవరు? స్ట్రైసాండ్. చిత్రీకరణ నాటికి ఆమెకు 26 ఏళ్లు. పక్కన వాల్టర్ మాథౌ, ఆమెకంటే ఇరవై ఏళ్లకు పైగా పెద్ద.

ఇరవయ్యారేళ్ల పిల్ల ఎన్నో ఏళ్ల తర్వాత హోటలుకు తిరిగొస్తోందట! ఎప్పుడు వెళ్లిందమ్మా మొదటిసారి? మొగుడితో కాపురం ఎప్పుడు చేసింది, దుఃఖం ఎప్పుడు పడింది, ఆ దుఃఖం ఎప్పుడు పాతబడింది? స్ట్రైసాండ్ గొంతు మీద నాకు ఫిర్యాదు లేదు. అది ఆ శతాబ్దపు గొప్ప గొంతుల్లో ఒకటి. ‘ఫన్నీ గర్ల్’లో తను స్టేజీ మీద మోసిన పాత్రనే తెరమీదా మోసి ఆస్కార్ గెలిచింది, అది ఆమె హక్కు. అదే హక్కు చానింగ్‌కు ఎందుకు లేకపోయింది? చానింగ్‌కు కెమెరా పడదనడానికీ వీల్లేదు. 1967లో వచ్చిన ‘థరోలీ మోడర్న్ మిల్లీ’ సినిమాకే ఆమెకు ఆస్కార్ నామినేషన్ దక్కింది.

ఇంత తెలివి చూపించి ఏం గడించారు? ఆ సినిమాకు దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు పోశారు. తొలి విడుదలలో పెట్టుబడి వెనక్కి రాలేదు. అటు చానింగ్ 1995లో, 74 ఏళ్ల వయసులో, అదే డాలీగా మళ్లీ బ్రాడ్‌వే ఎక్కింది. 2017లో బెట్ మిడ్లర్ 71 ఏళ్ల వయసులో అదే పాత్ర వేసి ఆ థియేటరు వసూళ్ల రికార్డులు బద్దలుకొట్టి టోనీ పట్టుకెళ్లింది. ఇప్పుడు చెప్పండి, మార్కెట్ ఎవరి పక్షాన ఉంది?

మరి 1974 నాటి ‘మేమ్’ సినిమా సంగతేమిటని మీరు అడుగుతారు. అందులో లూసిల్ బాల్‌కు 62 ఏళ్లు కదా, వయసు మళ్లిన నటికే ఇచ్చారు కదా అంటారు. బాగా అడిగారు. ఆ పాత్రను 1966లో బ్రాడ్‌వేలో నిలబెట్టి టోనీ తెచ్చుకున్నది ఏంజెలా లాన్స్‌బరీ. సినిమా వచ్చేనాటికి ఆమెకు 48. పాడగలదు, ఆడగలదు, ప్రతి మాటా, ప్రతి అడుగూ ఒంట్లో ఇంకిపోయి ఉంది. స్టూడియోకు పేరు కావాలి గనక టీవీ మహారాణిని తెచ్చుకుంది. తెచ్చుకున్నాక ఆమె మొహం చూసి జడుసుకుంది. క్లోజప్ వచ్చినప్పుడల్లా లెన్సు మసకబారింది, ఆమె మొహానికి పొగమంచు పట్టింది. పక్కవాళ్లంతా స్పష్టంగా ఉంటారు, కథానాయిక ఒక్కతే మబ్బులో ఉంటుంది. విమర్శకులు ఆ మసకను అప్పుడే ఉతికి ఆరేశారు. ఒక నటికి ఇంతకంటే అవమానం ఉందా? నీ పేరు కావాలి, నీ మొహం వద్దు అని ప్రతి షాట్‌లోనూ చెప్పడమే అది.

లాన్స్‌బరీ ఏమైంది? 1984లో, 58 ఏళ్ల వయసులో, ‘మర్డర్, షీ రోట్’ అనే టీవీ సీరియల్‌లో వితంతు రచయిత్రిగా వచ్చింది. పన్నెండు సీజన్లు, 1996 దాకా. ఆదివారం రాత్రి అమెరికా ఇంటిల్లిపాదీ కూర్చుని ఆమెను చూశారు. మసక లెన్సులు అక్కర్లేకుండానే చూశారు. ముసలి మొహం చూడలేమని జనం ఎన్నడూ అనలేదు. ఆ మాట జనం నోట్లో పెట్టింది స్టూడియో గదుల్లోని మగవాళ్లు.

మగవాళ్ల దగ్గరకొచ్చేసరికి వాళ్ల మార్కెట్ సూత్రం ఎలా మెత్తబడుతుందో చూడండి. ‘మై ఫెయిర్ లేడీ’లో బ్రాడ్‌వే జంట రెక్స్ హారిసన్, జూలీ ఆండ్రూస్. 1964 సినిమాలో 50 దాటిన హారిసన్‌ను ఉంచారు. ఆయన పాటలను సగం మాటల్లోనే లాగించేవాడు, అయినా ఉంచారు. దేశమంతా గొంతు మెచ్చిన ఆండ్రూస్‌ను తీసేసి ఆడ్రీ హెప్‌బర్న్‌ను పెట్టారు. తీరా ఆమె పాటల్లో ఎక్కువ భాగం మార్నీ నిక్సన్‌తో పాడించారు. ఆ ఏడు ఉత్తమ నటి ఆస్కార్ జూలీ ఆండ్రూస్‌కే వెళ్లింది, ‘మేరీ పాపిన్స్’కు.

టోపోల్‌ను నామీదకు విసురుతారని తెలుసు. విసరండి. ‘ఫిడ్లర్ ఆన్ ద రూఫ్’ నాటకంలో టెవ్యేగా బ్రాడ్‌వేను ఊపినవాడు జీరో మోస్టెల్. 1971 సినిమాలో అయిదుగురు కూతుళ్ల తండ్రిగా 35 ఏళ్ల టోపోల్ వేశాడు, అద్భుతంగా వేశాడు. ఒప్పుకుంటాను. కానీ టోపోల్ ఆ పాత్రను అప్పటికే లండన్ స్టేజీ మీద మోసినవాడు. పైగా ఆ సినిమా టెవ్యే వయసును చూసి సిగ్గుపడలేదు. గడ్డం నెరిపించింది, నడుం వంచింది, అలసటను మొహం నిండా పులిమింది. డాలీ విషయంలో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ వయసునే కత్తిరించి పారేశారు. నటి జనన ధ్రువపత్రం కోసం నేను పోట్లాడటం లేదు. సినిమాకు ఆ పాత్ర వయసు కావాలా, వద్దా? నా గొడవంతా అదే.

ఇక అసలు యుద్ధానికి వద్దాం. ‘సన్‌సెట్ బొలెవార్డ్’. 1950లో బిల్లీ వైల్డర్ తీసిన ఆ సినిమాలో నోర్మా డెస్మండ్ మూకీల నాటి మహాతార. టాకీలు వచ్చాక పరిశ్రమ పారేసిన మనిషి. వయసు 50. వేసిన గ్లోరియా స్వాన్సన్ కూడా మూకీల తారే, ఆమెకూ చిత్రీకరణ నాటికి 50. ఆండ్రూ లాయిడ్ వెబర్ దాన్ని మ్యూజికల్‌గా మలిచి 1993లో లండన్‌లో పాటీ లుపోన్‌తో మొదలుపెట్టాడు. బ్రాడ్‌వే కూడా ఆమెదే అన్న ఒప్పందాన్ని తుంగలో తొక్కి, లాస్ ఏంజెలెస్‌లో ఆ పాత్ర వేసిన గ్లెన్ క్లోజ్‌ను 1994లో బ్రాడ్‌వేకు తెచ్చారు. వాడిపారేయబడిన నటి గురించి నాటకం వేస్తూ ఒక నటిని వాడి పారేశారు, ఆ పాపం వాళ్లదే. క్లోజ్ టోనీ గెలిచింది. 2016లో లండన్‌లో, 2017లో న్యూయార్క్‌లో మళ్లీ అదే పాత్ర వేసింది, అప్పటికి ఆమెకు 70. దీన్ని ఆమెతో సినిమాగా తీస్తామన్న మాట ఏళ్లుగా నలుగుతూనే ఉంది. కెమెరా మాత్రం తిరగలేదు.

ఆమె మరీ పెద్దదైపోయింది, నోర్మాకు యాభయ్యే కదా అంటారు. ఇక్కడే మీ తెలివి తెల్లారింది. 1950లో యాభై ఏళ్ల నటికి హాలీవుడ్ తలుపులు మూసేసింది గనక వైల్డర్ యాభై అన్నాడు. ఇవాళ యాభై ఏళ్ల తారలు హీరోయిన్లుగా పని చేస్తున్నారు, పోస్టర్లెక్కుతున్నారు. అంత పచ్చిగా మరిచిపోబడటం ఇవాళ జరగాలంటే డెబ్బై దాటాలి. పాత్ర వయసు పెరిగి పెరిగి క్లోజ్ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపలికి రానివ్వకుండా అడ్డంగా నిలబడింది మీరు.

కెమెరా క్షమించదంటారా? 2023లో లండన్‌లో జేమీ లాయిడ్ ఇదే నాటకాన్ని నికోల్ షెర్జింగర్‌తో వేశాడు. స్టేజీ మీదే కెమెరాలు పెట్టి, ఆమె మొహాన్ని నలుపు తెలుపుల్లో గోడంత చేసి చూపించాడు. ప్రతి చెమట బొట్టూ కనిపించింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, న్యూయార్క్ ఆమెకు 2025లో టోనీ ఇచ్చింది. షెర్జింగర్‌కు నలభై దాటాయి, ఆమె గెలుపు నాకు సంతోషమే. కానీ రేపు నిర్మాత చేసే లెక్క నాకిప్పుడే వినిపిస్తోంది. నలభై దాటినామె నడిచింది గనక ముప్పై అయిదు నడుస్తుంది, ముప్పై అయిదు నడిస్తే ముప్పై ఇంకా బాగా నడుస్తుంది. ఆ మెట్ల కింద 26 ఏళ్ల డాలీ ఉంది.

హాలీవుడ్‌ను తిడుతుంటే మీకు హాయిగా ఉందా? 1972లో ‘బడిపంతులు’లో రామారావు మనవరాలిగా వేసిన శ్రీదేవి, ఏడేళ్లకు ‘వేటగాడు’లో 56 ఏళ్ల ఆయన పక్కన కథానాయిక. మీ నాన్నలు ఈలలు వేశారు. మన పద్య నాటకాన్ని తెరకెక్కించిన 1960 నాటి ‘శ్రీకృష్ణ రాయబారం’లో దాదాపు అరవై ఏళ్ల ఈలపాట రఘురామయ్యను కృష్ణుడిగా కూర్చోబెట్టి, ఆయన పద్యాలు ఆయన గొంతులోనే వినిపించాం. ఆ పని మనం చేయగలిగాం, గర్వపడండి. ఆ గౌరవం ఒక స్త్రీకి ఎన్నిసార్లు ఇచ్చామో మీరే వెతికి చెప్పండి. నేను కాచుకుని ఉంటాను.

పారమౌంట్ వారికి నా మాట సూటిగా. 1950 నాటి సినిమా మీదే. నోర్మాను క్లోజ్‌కు ఇవ్వండి. పాటలు ఆమే పాడాలి, గొంతు వణికితే వణకనివ్వండి, నోర్మా గొంతు వణకాల్సిందే. లెన్సు మీద మసక వేయొద్దు, కంప్యూటర్లో ముడతలు తుడవొద్దు. షూటింగు ఈ ఏడే పెట్టుకోండి. 1947లో పుట్టిన మనిషి మీ మీటింగులు తెమిలేదాకా ఇంకో పదేళ్లు ఆగలేరు.