క్షేత్రశిక్షణ

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ప్రారంభమైన తరువాత, అంబులెన్సు రోగిని మోసుకుపోయే బండి మాత్రమే కాదన్న ఎరుక తెలుగు ప్రజలలో పెరిగింది. ఆ వాహనంలో డ్రైవరుతోపాటు అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన సహాయకుడు ఒకరుంటారు. ఆస్పత్రి చేరేలోగా ప్రాణం నిలపడానికి ప్రయత్నించడం అతని కర్తవ్యం. ఈ వృత్తిని అభ్యసించే యువతీయువకులు తరగతిగదిలో పాఠాలు విని, బొమ్మలపై సాధన చేసి, ఆపైన ఆస్పత్రి అత్యవసర విభాగంలోను, అంబులెన్సులోను కొంతకాలం పనిచేస్తారు. ఈ క్షేత్రశిక్షణను హాజరుపట్టీ నింపుకొనే తతంగంగా భావించేవారు లేకపోలేదు. కాని, దిగితేగాని లోతు తెలియదు.

గుండె ఆగిన వ్యక్తి ఛాతీని నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కాలని బొమ్మ మీద నేర్చుకోవచ్చు. బొమ్మ చుట్టూ రోదించే బంధువులు ఉండరు. ఇరుకైన మెట్లమీదుగా స్ట్రెచరును దించడం, రామాలయం ఆనవాలుగా చీకటి వీధిలో ఇల్లు వెదకడం, పాము కరిచిన కాలికి తాడు బిగించబోయేవారిని నొప్పించకుండా వారించి, ఆ కాలు కదలకుండా చూడడం ఏ గదిలోనూ అలవడవు.

శ్వాస లెక్కించడాన్నే చూడండి. ఆరోగ్యవంతుడైన వయోజనుడు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుండి 20 సార్లు శ్వాసిస్తాడు. కొందరు అభ్యాసకులు రోగి ఛాతీవైపు చూడకుండానే ఆ గడిలో 18 అని వ్రాస్తారు. ఇది చిన్న తప్పు కాదు. రక్తపోటు పడిపోకముందే శ్వాసవేగం పెరిగి, రానున్న ప్రమాదాన్ని అనేక సందర్భాలలో సూచిస్తుంది. గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కించే అలవాటు శిక్షణకాలంలో అబ్బకపోతే తరువాత అబ్బడం కష్టం.

పిలుపులు రాని గంటలు వృథా అనుకోవడమూ పొరపాటే. ఆక్సిజన్ సిలిండరులో ఎంత మిగిలిందో, కాన్పు సామగ్రి ఏ అరలో ఉందో అప్పుడే చూసుకోవాలి. రోగిని వైద్యునికి అప్పగించేటప్పుడు ఏమి జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏ చికిత్స చేశామన్నది నాలుగు మాటలలో చెప్పగలగాలి. వీలైతే మరునాడు వెళ్ళి, తేలిన వ్యాధి ఏమిటో అడగాలి. తన ఊహ తప్పిందని తెలిసినప్పుడు కలిగే సిగ్గు పదికాలాలు గుర్తుంటుంది.

అయితే భారమంతా అభ్యాసకులపై మోపడం న్యాయం కాదు. వారిని స్ట్రెచరు మోయడానికే వాడుకొనే సీనియర్లూ ఉన్నారు. ముఖ్యంగా, కళ్ళముందే తొలిసారి ఒక ప్రాణం పోయిన రోజున ఆ విద్యార్థిని మౌనంగా ఇంటికి పంపడం తగదు. జరిగినదంతా మొదటినుండి అతనిచేత చెప్పించి, చేయగలిగినదేదో, ఎవరి చేతిలోనూ లేనిదేదో విడమరచాలి. అందుకు అరగంట చాలు. ఆ అరగంటకు శిక్షణ ప్రణాళికలోనే చోటు కల్పించాలి.