ఆంగ్లమున ‘ఇన్’ : నిషేధమా? ఉపసర్గయా?

ఆంగ్లపదముల మొదట కనబడు ‘ఇన్’ అనుదానికి ‘కాదు, లేదు’ అని అర్థము చెప్పి విడిచిపెట్టుట బోధనలో అలవాటైనది. ఇన్‌విజిబుల్ అనగా అదృశ్యము, ఇన్‌ఫినిట్ అనగా అనంతము అను ఉదాహరణములతో పాఠము ముగియును. ఈ పాఠము అసంపూర్ణము. ఒక్కొక్కచోట అపాయకరము కూడ.

పెట్రోలు మోయు లారీలపై ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని వ్రాయు వాడుక కలదు. పై పాఠమును నమ్మినవాడు దానిని ‘అంటుకొననిది’ అని గ్రహించును. నిజమునకు అది ‘ఇట్టే అంటుకొనునది’. ఈ భ్రాంతికి వెఱచియే 20వ శతాబ్దిలో అమెరికాయందు అగ్నిభద్రత విచారించువారు ‘ఇన్’ తొలగించి ‘ఫ్లేమబుల్’ అను రూపమును ప్రచారమునకు తెచ్చిరి.

లాటిను నుండి వచ్చిన ‘ఇన్’ ఒకటి కాదు, రెండు. రూపమొకటే, పుట్టుక వేఱు. మొదటిది నిషేధార్థకము, సంస్కృతమందలి ‘అ, అన్’లకు తోబుట్టువు. రెండవది ‘లోనికి, మీదికి’ అను అర్థము గలది. ఇంపోర్ట్ అనగా లోనికి మోసికొని వచ్చుట. ఇన్‌వేడ్ అనగా లోనికి చొచ్చుట. సంధికార్యము రెంటికిని సమానమే: ఇల్లీగల్‌లో నిషేధము, ఇల్యూమినేట్‌లో ఉపసర్గ, రెండుచోట్లను నకారము లకారమైనది. ఉత్ అనునది ఉల్లాసమున లకారాంతమైనట్లే ఇదియును. కావున రూపమును బట్టి నిర్ణయింప వీలు లేదు.

నిర్ణయసాధనము పాణినీయులకు పరిచితమే. నఞ్ నామముతో సమాసము పొందును; ఉపసర్గ క్రియతో కూడును. లాటినునందును ప్రాయికముగా ఇదియే వ్యవస్థ. ఇన్‌ఫ్లేమబుల్‌కు మూలము ‘మంట పెట్టు’ అను అర్థము గల ఇన్‌ఫ్లమారే అను క్రియ. ‘ఇన్’ ముందుగా ఆ క్రియతోనే కూడినది. శక్యార్థక ప్రత్యయము పిమ్మట చేరినది.

నిషేధమని తెలిసినను విచారము ముగియదు. ఇన్‌వాల్యుబుల్ అనగా విలువ లేనిది కాదు, విలువ కట్టరానిది. ‘అమూల్యము’ తెలిసిన విద్యార్థికి ఇందు సందేహమే కలుగదు.

నిఘంటువు చాలదా యని కొందఱందురు. ఉన్న పదము చదువుటకు చాలును. క్రొత్త పారిభాషికపదము కల్పించుటకు చాలదు. భౌతికశాస్త్రమున ఇనర్షియాకు ‘జడత్వము’, ఇండక్షన్‌కు ‘ప్రేరణ’ అనువారు మొదటిదానియందు లేమిని, రెండవదానియందు లోనికి నడపుటను గుర్తించినట్లే యున్నది. రెంటను ‘అ’కారమునే చేర్చియున్నచో శాస్త్రమే తలక్రిందులయ్యెడిది. కావున ప్రాచ్యకళాశాలలలో ఆంగ్లపాఠమును వ్యాకరణపాఠమునకు దూరముగా నుంచుట తగదు. నఞర్థమును, ఉపసర్గార్థమును వేఱుపఱుప నేర్చిన విద్యార్థికి ఆ నేర్పు రెండు భాషలయందును అక్కఱకు వచ్చును.