ఛేజింగ్ కాదు, కట్టడి కావాలి

మేడ్చల్, శామీర్‌పేట మలుపుల్లో అర్ధరాత్రి బైకు పందేలు కట్టినవాళ్లు ఇప్పటికీ ఆ కబుర్లు హుషారుగా చెప్తుంటారు: నంబరు ప్లేటు పైకి మడవడం, పోలీసు బండి కనిపించగానే హెడ్‌లైటు ఆర్పేసి ఊళ్లోకి మళ్లడం. ఆ చీకట్లో పాలక్యాన్లతో ఎదురొచ్చే రైతు ఊసు మాత్రం వాళ్లెత్తరు. 2011లో ఔటర్ రింగురోడ్డుపై స్పోర్ట్స్ బైకు ప్రమాదం క్రికెటర్ అజహరుద్దీన్ కొడుకును 19 ఏళ్లకే పొట్టన పెట్టుకుంది. పందేనికి మొదటిసారి దొరికితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లక్షల బండి నడిపేవాడికి ఆ జరిమానా ఏమూలకు? వెంటపడితే వాడు ఇంకా రెచ్చిపోతాడు. పోలీసులు పందెం మొదలయ్యే చోటే కాపుకాసి బండ్లు సీజ్ చేయాలి. మైనర్లకు తాళాలిచ్చే తల్లిదండ్రులపైనా కేసు పెట్టాల్సిందే.