రెండో కుర్చీ అంటే అంత చులకనా?

శాసనసభ స్పీకర్ రాజీనామా చేయదలిస్తే ఆ లేఖ గవర్నర్‌కు ఇవ్వరు, ముఖ్యమంత్రికీ ఇవ్వరు. రాజ్యాంగం 179వ అధికరణ ప్రకారం డిప్యూటీ స్పీకర్‌కు ఇవ్వాలి. డిప్యూటీ తప్పుకోవాలంటే స్పీకర్‌కు ఇవ్వాలి. సభ పెద్దల సంగతి సభలోనే తేలాలి, సర్కారు గుమ్మం తొక్కకూడదు అన్నమాట. అంత ఆలోచించి పెట్టిన పదవిని మన పార్టీలు ఎలా వాడుతున్నాయి? మంత్రివర్గ విస్తరణలో జిల్లాలూ కులాలూ లెక్కలేశాక, చోటు దక్కని ఒకరిని బుజ్జగించడానికి.

తెలంగాణనే చూడండి. 2023 డిసెంబర్ 14న గడ్డం ప్రసాద్‌కుమార్ స్పీకర్ అయ్యారు. డిప్యూటీ పదవికి మాత్రం ఏడాదిన్నర దాకా పేరే రాలేదు. చివరికి 2025 జూన్‌లో, ముగ్గురు కొత్త మంత్రులు ప్రమాణం చేసిన సందర్భంలోనే డోర్నకల్ ఎమ్మెల్యే రామచంద్రు నాయక్ పేరు బయటికొచ్చింది. ఎన్నుకోవాల్సింది సభ, పేరు తేలింది మంత్రి పదవుల పంపకంలో. ఆంధ్రప్రదేశ్ కొంత నయం. 2024 జూన్‌లో అయ్యన్నపాత్రుడు స్పీకర్ అయితే, నవంబర్‌లో రఘురామకృష్ణరాజు డిప్యూటీ అయ్యారు. ఇక లోక్‌సభ 2019 నుంచి 2024 దాకా అయిదేళ్లూ డిప్యూటీ లేకుండానే గడిపేసింది.

‘లేకపోతే ఏం మునిగింది, సభ నడవలేదా?’ అని అడిగేవారున్నారు. నడుస్తుంది. స్పీకర్ లేచి వెళ్తే సభాధ్యక్షుల ప్యానెల్‌లోని సభ్యుడు కూర్చుంటారు. కానీ ఆ ప్యానెల్‌ను వేసేది స్పీకరే, సభ కాదు. స్పీకర్ పదవే ఖాళీ అయితే ప్యానెల్ కూడా అక్కరకు రాదు. డిప్యూటీ ఉంటే ఆయన చూసుకుంటారు. ఆయన కూడా లేకపోతే 180వ అధికరణ ప్రకారం ఎమ్మెల్యేల్లో ఒకరిని గవర్నర్ నియమిస్తారు. డిప్యూటీని ఎన్నుకోకుండా వదిలేయడమంటే, రేపు అవసరం పడినప్పుడు సభాధ్యక్షుణ్ని గవర్నర్ ఎంచుకునే వీలు కల్పించడమే.

ఆ అవసరం పడదనుకోవడానికి లేదు. 2010 నవంబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి రోశయ్య దిగిపోయి, స్పీకర్‌గా ఉన్న కిరణ్‌కుమార్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. రాత్రికి రాత్రి స్పీకర్ కుర్చీ ఖాళీ. తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజులవి. 2011 జూన్‌లో తానే స్పీకర్‌గా ఎన్నికయ్యేదాకా డిప్యూటీ హోదాలోనే నాదెండ్ల మనోహర్ ఆ బాధ్యత మోశారు. తర్వాత డిప్యూటీ అయిన మల్లు భట్టి విక్రమార్క వంతు 2013 డిసెంబర్‌లో వచ్చింది. విభజన బిల్లుపై చర్చ మొదలైందని అధ్యక్ష స్థానం నుంచి ప్రకటించింది ఆయనే. మొదలు కాలేదని సీమాంధ్ర సభ్యులు గొడవకు దిగారు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా సభ్యులు ‘అధ్యక్షా’ అనే మొదలుపెడతారు. మైకు ఎవరికివ్వాలో చెప్పేదీ, ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు వేసేదీ ఆ పూట అక్కడ కూర్చున్నవారే.

మహారాష్ట్ర సంగతి ఇంకా ఘాటు. 2021 ఫిబ్రవరిలో స్పీకర్ నానా పటోలే రాజీనామా చేశాక, దాదాపు ఏడాదిన్నర డిప్యూటీ నరహరి జిర్వాలే సభకు పెద్ద. 2022 జూన్‌లో శివసేనలో శిండే వర్గం తిరగబడితే, 16 మంది ఎమ్మెల్యేలకు అనర్హత నోటీసులిచ్చి రెండు రోజుల్లో జవాబు చెప్పమన్నది ఆయనే. ఆయన్నే తొలగించాలని తిరుగుబాటు వర్గం ఎదురు నోటీసు ఇచ్చింది. సుప్రీంకోర్టు జవాబు గడువును జులై 12 దాకా పొడిగించింది. ఈలోగా జూన్ 29న ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రే రాజీనామా చేశారు. ప్రభుత్వం ఉంటుందా పోతుందా అన్న ఆ వారం రోజుల్లో అందరి కళ్లూ డిప్యూటీ స్పీకర్ మీదే.

కాబట్టి రెండు పనులు జరగాలి. ఒకటి, గడువు. డిప్యూటీని ‘వీలైనంత త్వరగా’ ఎన్నుకోవాలని 178వ అధికరణ చెప్పింది గానీ ఎన్ని రోజుల్లో అని చెప్పలేదు. ఎన్నిక తేదీ ఖరారు చేసేది స్పీకర్. స్పీకర్ పాలక పక్షం వైపు చూస్తారు. పాలక పక్షం సమీకరణాలు కుదిరేదాకా ఆగుతుంది. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 208వ అధికరణ కింద సభ తన నిబంధనలు తానే రాసుకుంటుంది. స్పీకర్ ఎన్నికైన అరవై రోజుల్లో డిప్యూటీ ఎన్నిక జరగాలని అందులో ఒక్క వాక్యం చేరిస్తే చాలు.

రెండోది కష్టమైనది: పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం. పదకొండు మందితో, సభ గడప తొక్కడానికే ఇష్టపడని వైసీపీకి ఇవ్వాలా అని అమరావతిలో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే కనీసం ఎన్నికైనవారు పార్టీ కండువా తీసి రావాలి. ఫిరాయింపుల నిరోధక చట్టమైన పదో షెడ్యూల్ అయిదో పేరా ఆ వీలు ఇచ్చింది: స్పీకర్, డిప్యూటీ పదవిలోకి వచ్చినప్పుడు పార్టీకి రాజీనామా చేసినా సభ్యత్వం పోదు. ఆ చట్టం లేని 1967లోనే, లోక్‌సభ స్పీకర్ కాగానే కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్న నీలం సంజీవరెడ్డి మనవాడే.

గెలిచినవారికి పదవులు పంచుకునే హక్కు ఉంది. కార్పొరేషన్లున్నాయి, సలహాదారు పోస్టులున్నాయి, పంచుకోండి. డిప్యూటీ స్పీకర్ పదవిని మాత్రం ఆ జాబితాలోంచి తీసేయండి. అది పార్టీ ఇచ్చేది కాదు, సభ ఎన్నుకునేది.