మంటిలో రోగము – ఆకుపై మందు

వానకాలము నడుమ ఆదిలాబాదు, నిర్మలు, కామారెడ్డి ప్రాంతముల సోయాచిక్కుడు చేలలో మొక్కలు తలలు వాల్చి, యెండిన యాకులతోనే నిలువున చచ్చుట రైతులకు క్రొత్త గాదు. అట్టి మొక్కను బెరికి పట్టణమునందలి మందుల యంగడికి దెచ్చిన రైతునకు లభించున దేమి? రెండు సీసాలు, మూడు పొట్లములు, వానితో నొక యప్పుచీటి. సీసాలోనిది ఆకులపై జల్లు మందు. రోగమో, వేరునందున్నది! ఈ వ్యాపారమును వైద్యమని మేమొప్పుకొనజాలము.

చచ్చిన మొక్కయే సాక్ష్యము చెప్పును. కాండము మొదట తెల్లని దారములవంటి బూజును, ఆవగింజలవంటి గోధుమవన్నె గుళికలును గన్పట్టిన, అది స్క్లెరోషియం రోల్ఫ్సీ యను శిలీంధ్రము. 1892లో రోల్ఫ్సు అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని ఫ్లారిడాలో టమాటా మొక్కలపై దీనిని గుర్తించెను. బెరడు లేచిపోయి లోపల బొగ్గుపొడి చల్లినట్లున్నచో అది మాక్రోఫోమినా ఫేసియోలినా. మొదటిదానికి నీరు నిలిచిన చేను విందు. రెండవదానికి, వాన మొగము చాటువేసి కాయ నిండువేళ నెండ కాసిన చేను విందు. రెండును పంట తీసిన పిదప ఏండ్ల తరబడి మంటిలో నిద్రించును.

అంతకన్న ఘోరమైనది మరియొకటి కలదు. సోయా కోసిన చేలలో యాసంగికి శనగ విత్తుట ఆదిలాబాదు రైతుల వాడుక. ఆ శనగను ఎండు వేరుకుళ్లుగా జంపునదియు నీ మాక్రోఫోమినాయే! జొన్నను సైతము విడువదు. వానకాలపు దొంగకు యాసంగిలోను భోజనము పెట్టి, పంట మార్చితిమని సంతసించుచున్నాము.

కావున చికిత్స విత్తుటకు ముందే జరుగవలెను. కిలో విత్తనమునకు 3 గ్రాముల కార్బాక్సిన్, థైరముల మిశ్రమమును గాని, 10 గ్రాముల ట్రైకోడెర్మాను గాని పట్టించుట. 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల పశువుల యెరువు, 10 కిలోల వేపపిండిలో వృద్ధిపరచి దుక్కిలో వేయుట. నీరు పోవుటకు కాలువలు తీయుట. తెగులు కనబడిన పిదప మొదళ్లయొద్ద మందునీరు పోసిన ప్రక్కమొక్కలు కొన్ని దక్కవచ్చును గాని, కుళ్లిన వేరు మరల బ్రతుకదు. ఈ మాటలో దళారికి లాభము లేదు. కనుకనే దీనికి గోడలపై ప్రకటనలు లేవు.

మరి ప్రభుత్వమువారో? రాజేంద్రనగరమున 1964 నుండి వ్యవసాయ విశ్వవిద్యాలయ మున్నది. ఆదిలాబాదునందు పరిశోధనాస్థాన మున్నది. శాస్త్రమునకు కొదువ లేదు. 2020 ప్రాంతమున కోట్లు వెచ్చించి 2,601 రైతువేదికలు కట్టించిరి. వేదికకొక విస్తరణాధికారి యనియు, ఆయన కయిదువేల యెకరములనియు నేర్పాటు. ఆ యధికారిచేత పంటల లెక్కలు వ్రాయించుటకే ఋతువంతయు చాలకున్న, విత్తన మెవరు శుద్ధి చేయింతురు? బెంచీలును, గోడలును శిలీంధ్రమును జంపునా?

మన బాలాపూరు చేలు ప్లాట్లయినవి, మనకీ గొడవ యేల యని పఠనమందిరములలో ననువారు కలరు. అయ్యా, ప్లాటు కొన్నవాని వంటయింట కాగు నూనెలో సోయాకు పాలులేదా? గింజలో నూనె సుమారైదవ వంతు; నూనె తీసిన పిండి కోళ్లకు మేత. ఆదివారమున మాంసపుటంగడియొద్ద ధర యడిగి నిట్టూర్చునప్పుడైన ఆ రైతును దలపవలదా? రాజేంద్రనగరము మనకు సమీపమే గదా. అచ్చటి పెద్దలను నిలదీయుటకు పల్లెరైతుకంటె మనకే సుకరము.

మా కోరిక యొక్కటే. వచ్చు మృగశిరకార్తెకు ముందు, సోయా పండు మండలములలోని ప్రతి రైతువేదికయందును విత్తనశుద్ధి డ్రమ్మొకటి, సిద్ధమైన ట్రైకోడెర్మా యెరువురాశి యొకటి యుండవలెను. లేని వేదికల పేళ్లను మాకు వ్రాసి పంపుడు. ఈ పుటయందే ప్రకటింతుము.